ఆపరేషన్ సంగతి ఎవరికి చెప్పాలి?

బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకోవాలా వద్దా అన్నదానికి సలహాలిచ్చేవాళ్లు చాలామందే దొరుకుతారు. సర్జన్ చెబుతాడు, డైటీషియన్ చెబుతుంది, ఇంట్లోవాళ్లు చెబుతారు. అయ్యాక ఆ సంగతి ఎవరికి చెప్పాలన్నది మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. ఆస్పత్రిలో చేరే ముందు "గాల్‌బ్లాడర్‌లో రాళ్లని చెబుదాంలే" అని ఇంట్లో ఓ మాట అనుకుంటారు. పొట్ట మీద పడే చిన్న గాట్లు రెంటికీ దాదాపు ఒకేలా ఉంటాయి గనక ఆ మాట నిలబడుతుంది కూడా. ఆ పూటకని అనుకున్న మాటే తర్వాత ఏళ్ల తరబడి మోయాల్సి వస్తుంది. చెప్పి తీరాలనేవాళ్లు నిజాయితీ పేరెత్తుతారు. అక్కర్లేదనేవాళ్లు అది సొంత విషయమంటారు. రెండు పక్షాలూ వినేవాళ్లందర్నీ ఒకే గాటన కట్టేస్తున్నాయి. సంగతి తెలియకపోవడం వల్ల రోగి ఒంటికి గానీ, వినేవాళ్ల జీవిత నిర్ణయానికి గానీ దెబ్బ తగిలే చోట చెప్పి తీరాలన్నది నా వాదన. మిగతా చోట్ల చెప్పకుండా ఉండే హక్కు పూర్తిగా ఉంది. కానీ ఆ హక్కు మౌనం దాకానే, కట్టుకథ దాకా పోదు.

ఇది సినిమావాళ్ల గొడవ, డబ్బున్నవాళ్ల సరదా అనుకునే రోజులు పోయాయి. 2019–21 నాటి అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల ఆడవాళ్లలో అధిక బరువో ఊబకాయమో ఉన్నవాళ్లు దేశం మొత్తం మీద 24 శాతం. అదే ఆంధ్రప్రదేశ్‌లో 36, తెలంగాణలో 30. మగవాళ్లలోనూ రెండు రాష్ట్రాల లెక్క 30 శాతం దాటింది, దేశం సగటు 23. వీళ్లందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. 1991 నుంచి డాక్టర్లు పాటిస్తూ వచ్చిన కొలత ప్రకారం, ఎత్తును బట్టి బరువును లెక్కించే బీఎంఐ 40 ఉండాలి, లేదా 35 ఉండి దానికి షుగర్ లాంటి జబ్బులు తోడవ్వాలి. అయిదడుగుల మూడంగుళాల మనిషికి అది నూటరెండు కిలోలు, జబ్బులుంటే తొంభై. మన బీమా నియంత్రణ సంస్థ 2019లో పాలసీలకు పెట్టిన షరతులు కూడా ఇంచుమించు ఇవే. 2022లో సర్జన్ల అంతర్జాతీయ సంఘాలు, ఆసియావాళ్లకు తక్కువ బరువుకే షుగర్, గుండెజబ్బు వస్తాయి గనక బీఎంఐ 27.5 నుంచే ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చన్నాయి. ఈ ఆపరేషన్లలో స్లీవ్ అనే పద్ధతిలో జీర్ణాశయంలో మూడొంతులకు పైగా కోసి తీసేస్తారు, అరటికాయంత గొట్టం మిగులుతుంది. బైపాస్‌లో పైన చిన్న సంచి మిగిల్చి, దాన్ని చిన్నపేగులో కాస్త కిందిభాగానికి కలుపుతారు. చర్మం కింది కొవ్వును పీల్చే లైపోసక్షన్‌తో వీటికి సంబంధం లేదు. 2015లో నటి ఆర్తీ అగర్వాల్ అమెరికాలో చనిపోయినప్పుడు వార్తల్లో నలిగింది లైపోసక్షన్. బరువు ఆపరేషన్ అనగానే ఆ వార్త గుర్తుచేసి భయపెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అమెరికాలో 2009లో వెలువడిన పెద్ద అధ్యయనంలో నెలరోజుల్లోపు మరణాలు వెయ్యికి మూడు. పెద్ద ఆపరేషన్ అనడానికి సందేహం లేదు, చావుకు తెగించడం మాత్రం కాదు.

దాచుకునేవాళ్లు ఉత్త భయంతో దాచుకోవడం లేదు, అందుకు ఆధారముంది. ఆస్ట్రేలియాలో ఫార్డౌలీ, వర్తానియన్ అనే పరిశోధకులు 2012లో ఓ అధ్యయనం వెలువరించారు. లావుగా ఉన్న ఒకామె ఫొటో చూపించి, సన్నబడ్డాక ఫొటో చూపించి, ఎలా తగ్గిందో చెప్పి, ఆమె గురించి ఏమనుకుంటున్నారని అడిగారు. ఆహారం, వ్యాయామంతో తగ్గిందని విన్నవాళ్లు ఆమెను మెచ్చుకున్నారు. ఆపరేషన్‌తో తగ్గిందని విన్నవాళ్ల లెక్కలో అదే మనిషి బద్ధకస్తురాలైంది, పనితనం తక్కువదైంది. బరువు పోయినా నింద పోలేదన్నమాట. "కడుపు కట్టుకోలేక కోయించుకుంది" అని మన వీధుల్లో వినపడేదీ ఇదే తీర్పు. ఈ తీర్పు తప్పని వైద్యశాస్త్రం ఎప్పుడో తేల్చింది. స్వీడన్‌లో 1987లో మొదలైన అధ్యయనంలో ఆపరేషన్ అయిన రెండువేల మందిని, కాని రెండువేల మందిని ఏళ్ల తరబడి గమనించారు. మామూలు వైద్యం, సలహాలు పొందినవాళ్ల సగటు బరువు పదిహేనేళ్లలో రెండు శాతం కూడా అటూఇటూ కదల్లేదు. బైపాస్ అయినవాళ్లు పదేళ్ల తర్వాత కూడా మొదటి బరువులో పాతిక శాతం తక్కువున్నారు. ఆపరేషన్ అయినవాళ్ల ఆయుర్దాయం, కానివాళ్ల కంటే మూడేళ్లు ఎక్కువని 2020లో లెక్కతేలింది. ఆపరేషన్ కాని ఆ రెండువేల మందిలో సంకల్పం ఉన్నవాళ్లు బొత్తిగా లేరనుకోవడం కుదరదు. కారణం ఒంట్లోనే ఉంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్, తిండి తగ్గించి సన్నబడ్డవాళ్లలో 24 శాతం పెరిగిందనీ, బైపాస్ అయినవాళ్లలో బాగా అడుగున ఉండిపోయిందనీ 2002లో కమ్మింగ్స్ బృందం చూపించింది. తిండి తగ్గించినవాడి మీద ఒళ్లే తిరగబడుతుంది. ఆ తిరుగుబాటును అణచడమే ఆపరేషన్ చేసే పని. సులువు దారి అనేవాళ్లు ఆ తర్వాతి జీవితాన్ని ఓసారి దగ్గర్నుంచి చూడాలి. మొదట కొన్ని వారాలు ద్రవాలూ మెత్తటి పదార్థాలే. ఆ పైన కూడా గిన్నెలో మూడు నాలుగు చెంచాల పప్పు, ఓ గుడ్డు, అదీ నమిలి నమిలి. అన్నంతోబాటు నీళ్లు తాగకూడదు, అరగంట ఆగాలి. మూడో నెల దాటాక దువ్వెనకు జుట్టు ఊడివస్తుంది. బీ12, ఐరన్, కాల్షియం బిళ్లలు బతికినంత కాలం వేసుకోవాలి.

ఇక్కడే మనుషులు సరిగా గుర్తించని మార్పొకటి ఉంది. అమెరికా సామాజికవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ 1963లో, సమాజం చిన్నచూపు చూసే లక్షణాల్లో కంటికి కనపడేవి వేరు, దాచగలిగేవి వేరు అని విడదీశాడు. కనపడేవాటితో బతికేవాడు ఎదుటివాడి ఇబ్బందిని ఎలా సర్దాలో చూసుకుంటాడు. దాచగలిగేవాటితో బతికేవాడు సమాచారాన్ని ఎవరికి వదలాలో, ఎవరికి బిగబట్టాలో చూసుకుంటాడు. లావుగా ఉన్న మనిషికి చెప్పడమా మానడమా అన్న ఎంపికే లేదు. బస్సులో సీటు, బట్టలకొట్టులో సేల్స్‌మన్ చూపు, పేరంటంలో పెద్దావిడ ప్రశ్న, అన్నీ ఆ మనిషి సొంత విషయాన్ని నలుగురిలో పెట్టేవే. ఆపరేషన్ తర్వాత పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆ సమాచారం తన చేతికొస్తుంది. అందుకే "నీతీ నిజాయితీ ఉంటే అందరికీ చెప్పాలి" అనే మాట నాకు అన్యాయంగా తోస్తుంది. మోకాలి చిప్ప మార్పించుకున్నవాణ్నీ, గర్భసంచి తీయించుకున్నావిణ్నీ మనం అలా నిలదీయం. ఏళ్లకేళ్లు ఒళ్లును ఊరంతటికీ అప్పజెప్పి బతికిన మనిషి కొన్నాళ్లు దాన్ని తన దగ్గర ఉంచుకోవాలనుకుంటే అందులో దొంగతనమేమీ లేదు.

అయితే మౌనానికీ కల్పనకూ తేడా ఎంతుందో పేరున్నవాళ్ల విషయంలో స్పష్టంగా కనపడింది. అమెరికా టీవీ వ్యాఖ్యాత స్టార్ జోన్స్ 2003లో బైపాస్ చేయించుకుని డెబ్భై కిలోలకు పైగా తగ్గింది. నాలుగేళ్లపాటు వైద్యసాయం అని పొడిపొడిగా చెప్పి, చివరికి 2007లో పత్రికకు రాసిన వ్యాసంలో అసలు సంగతి బయటపెట్టింది. ఆమెతో కలిసి పనిచేసిన బార్బరా వాల్టర్స్ తర్వాత చెప్పినదాన్ని బట్టి, అది తిండి కొలతలు, పిలాటిస్ వ్యాయామాల ఫలితమన్న కథను నిలబెట్టడానికి కార్యక్రమంలోని మిగతావాళ్లు కూడా అబద్ధమాడాల్సి వచ్చింది. కల్పన స్వభావమే అది, చుట్టూ ఉన్నవాళ్లకు పని పెడుతుంది. న్యూజెర్సీ గవర్నర్ క్రిస్ క్రిస్టీ 2013 ఫిబ్రవరిలో మారుపేరుతో ఆస్పత్రిలో చేరి జీర్ణాశయాన్ని బిగించే బ్యాండ్ వేయించుకున్నాడు. మే నెలలో పత్రిక పసిగట్టి అడిగినప్పుడు ఒప్పుకుని, భార్యాపిల్లల కోసం చేయించుకున్నానన్నాడు. అతను మూడు నెలలు చెప్పలేదు గానీ, దాని స్థానంలో మరో కథ అల్లలేదు. మన దగ్గర నితిన్ గడ్కరీ 2011లో, అరుణ్ జైట్లీ 2014లో చేయించుకున్న సంగతులు అప్పటికప్పుడే వార్తలయ్యాయి. ఇద్దరి రాజకీయ జీవితానికీ దానివల్ల ఏ లోటూ రాలేదు. అయితే పదవిలో ఉన్న మగవాడి అనుభవాన్ని పెళ్లీడుకొచ్చిన అమ్మాయికి ధైర్యం చెప్పడానికి వాడుకోకూడదు. ఇద్దరి మీదా పడే చూపులు ఒకటి కావు.

కథ అల్లినవాళ్లు దొరికిపోతారని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. దొరక్కపోయినా నష్టముంది. కొలంబియా విశ్వవిద్యాలయంలో మైకేల్ స్లెపియన్ బృందం 2017లో రహస్యాల మీద వెలువరించిన పరిశోధనలో, మనిషిని నలిపేది ఎదుటివాళ్ల ముందు దాచే క్షణం కాదని తేలింది. ఒంటరిగా ఉన్నప్పుడు మనసు పదే పదే ఆ రహస్యం దగ్గరికే పోవడం ఎక్కువ హాని చేస్తోంది. పూటపూటా తిండి గుర్తుచేసే రహస్యానికి ఇది ఎంత వర్తిస్తుందో వేరే చెప్పక్కర్లేదు. పైగా మన సమాజంలో మౌనం మౌనంగా ఉండదు. నాలుగు నెలల్లో పాతిక కిలోలు తగ్గిన మనిషిని చూసి "ఏంటమ్మా ఇలా చిక్కిపోయావ్, షుగరొచ్చిందా?" అంటారు. ఎదురుగా అనకపోతే ఇంకా పెద్ద జబ్బేదో అని చెవులు కొరుక్కుంటారు. పెళ్లిభోజనంలో "అత్తయ్య చేత్తో ఒక్క పూర్ణం" అని విస్తట్లో పడేశాక వదిలేస్తే వడ్డించినావిడ మనసు నొచ్చుకుంటుంది, తింటే అరగంటలో చెమటలు పట్టి, గుండె దడదడలాడి, కడుపు మెలిపెడుతుంది. అందుకని ఏమీ చెప్పకుండా నెట్టుకురావడం కష్టమే. కానీ దీనికి పూర్తి నిజం గానీ, పూర్తి అబద్ధం గానీ అవసరం లేదు. "డాక్టర్ల వైద్యంలో ఉన్నానండీ, బరువు తగ్గించమన్నారు, తిండి కొలతగా తినాలి, ఒంట్లో బాగానే ఉంది" అన్న మాటలో ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు. ఆ పైన తవ్వేవాళ్లకు "ఆ వివరాలు వద్దులే పిన్నీ" అని నవ్వుతూ చెప్పవచ్చు. ఈ వాక్యం ఆపరేషన్‌కు ముందే నోటికి అలవాటు చేసుకోవాలి. లేకపోతే కంగారులో నోటికి మొదట వచ్చేది రాళ్ల కథే.

డాక్టర్ల దగ్గర ఈ హక్కేదీ పనికిరాదు. ఆపరేషన్ చేసిన డాక్టరుకు ఎలాగూ తెలుసు. నా మాట తర్వాత ఇరవై ఏళ్లలో ఎదురయ్యే డాక్టర్లందరి గురించి. నడుంనొప్పికి మందులషాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ బిళ్లలు బైపాస్ అయినవాళ్లలో అతుకు దగ్గర పుండు చేస్తాయి, ఒక్కోసారి అది చిల్లుపడుతుంది. బైపాస్ తర్వాత మద్యం త్వరగా, ఎక్కువగా ఎక్కుతుంది. ఆపరేషన్ అయిన రెండో ఏట మద్యానికి లోబడేవాళ్ల శాతం 7.6 నుంచి 9.6కు పెరిగిందని అమెరికాలో 2012 నాటి అధ్యయనం చెప్పింది. ఇవన్నీ ఒక ఎత్తు, గర్భం ఒక ఎత్తు. మన దేశంలో గర్భిణులకు షుగర్ పరీక్ష కోసం 75 గ్రాముల గ్లూకోజ్ కలిపిన నీళ్లు తాగించడం మామూలు. బైపాస్ అయినావిడకు ఆ గ్లాసు తాగగానే కళ్లు తిరిగి, వాంతులై, తర్వాత షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. ఫలితాన్నీ నమ్మలేం. సంగతి తెలిసిన డాక్టర్ ఆ నీళ్లు మానిపించి, వారంపాటు ఇంట్లో వేలి రక్తం చూసుకోమంటుంది. అంతకంటే ప్రమాదమైనది పేగు లోపల చిక్కుపడటం. ఏడో నెలలో కడుపునొప్పి అంటే ఎవరైనా గ్యాస్ అనో, కాన్పునొప్పులనో అనుకుంటారు. బైపాస్ అయిందని తెలిస్తేనే పేగు వైపు ఆలోచన పోతుంది. ఆలస్యమైతే తల్లికీ బిడ్డకీ ప్రాణాపాయం. డాక్టర్ దగ్గర చెప్పడానికి సంకోచించేవాళ్లకు ఒక్కటే ఇబ్బంది, పక్కన అత్తగారో ఆడబిడ్డో ఉంటారు. రోగి రహస్యం బయటపెట్టకూడదని 2002 నాటి వైద్యవృత్తి నియమావళి డాక్టర్లను కట్టడి చేస్తోంది. కానీ మన ఓపీ గదుల్లో ప్రశ్నలన్నీ వెంట వచ్చినవాళ్ల ముందే అడుగుతారు. రెండు నిమిషాలు రోగిని ఒంటరిగా కూర్చోబెట్టి "ఇంతకుముందు ఏ ఆపరేషన్లయినా అయ్యాయా?" అని అడగడం డాక్టర్ బాధ్యత.

అసలు పీటముడి పెళ్లి దగ్గరే. చెప్పొద్దనేవాళ్ల వాదన బలమైనదే. లావుగా ఉందని నాలుగు సంబంధాలు తప్పిపోయిన అమ్మాయికి సన్నబడ్డాక వచ్చిన సంబంధం "కోత పెట్టించుకుందట, పిల్లలు పుడతారో లేదో" అన్న ఒక్క పుకారుతో తప్పిపోతుంది. చెబితే శిక్ష చెప్పినవాళ్లకు, దాపరికానికి అలవాటుపడ్డ సమాజానికి ఏమీ లేదు. అలాంటప్పుడు నిజం చెప్పమనడం బలహీనుల మీదే బరువు మోపడం కాదా అని అడుగుతారు. ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసేయలేం. 1998లో సుప్రీంకోర్టు, హెచ్‌ఐవీ ఉన్న వ్యక్తి సంగతిని పెళ్లికూతురి వైపుకు తెలియజేయడం తప్పు కాదంది. అక్కడ దాపరికం అవతలి మనిషి ప్రాణానికే ముప్పు. బరువు ఆపరేషన్ అంటుకునేది కాదు, వంశపారంపర్యంగా దిగేది కాదు, పిల్లలు పుట్టకుండా చేసేదీ కాదు. పీసీఓడీ వల్ల నెలసరి తప్పినవాళ్లలో బరువు తగ్గాక గర్భం త్వరగా నిలిచే అవకాశమే ఎక్కువ. కాబట్టి బయోడేటాలో రాయాల్సినంత, పెళ్లిళ్ల పేరయ్యకు చెప్పాల్సినంత విషయం ఇది కాదన్నదాంతో నేను ఏకీభవిస్తాను.

అక్కణ్నుంచి "మొగుడికీ అక్కర్లేదు" అన్నచోటికి దూకడమే నాకు సమ్మతం కాదు. నేను చెబుతున్నది శీలపరీక్ష కాదు, వంటింటి సంగతి, కాన్పు సంగతి. ఆపరేషన్ తర్వాత పన్నెండు నుంచి పద్దెనిమిది నెలలు గర్భం రాకుండా చూసుకోమంటారు. బైపాస్ తర్వాత నోటి ద్వారా వేసుకునే గర్భనిరోధక బిళ్లలు సరిగా పనిచేయకపోవచ్చు. ఆపరేషన్ అయిన ఏడాదిలోపే పెళ్లయి, అత్తింట్లో మూడో నెలకే "విశేషమేమైనా ఉందా?" అని అడుగుతుంటే, సంగతి తెలియని భర్తను ఆ అమ్మాయి ఏం చెప్పి ఆపుతుంది? కొత్తకోడలు నాలుగు ముద్దలు తిని లేచిపోతే పుట్టింటి పెంకితనమంటారు. బిళ్లలు దాచుకుని మింగితే అవి దేనికని అనుమానపడతారు. దొంగచాటుగా మింగాల్సిన బిళ్లలు తప్పిపోతాయి, తప్పిపోతే రక్తహీనత వస్తుంది. అందుకే సంబంధం ఖాయం కాకముందు, పెద్దల మధ్య కాకుండా ఆ ఇద్దరి మధ్యే ఈ మాట జరగాలి. నిశ్చితార్థానికి ముందు ఇద్దరూ మాట్లాడుకునే అవకాశం ఇప్పుడు చాలా ఇళ్లలో ఉంది. చెబితే తప్పిపోయే సంబంధం, చెప్పకపోతే తర్వాత ఇదే సాకుతో వేధించే సంబంధం అయ్యే ప్రమాదముంది. హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ ముఖ్యమైన వాస్తవాన్ని మోసంతో దాచితే పెళ్లి రద్దు కోరే వీలిస్తోంది. ఈ ఆపరేషన్ ఆ కోవలోకి రాదనే నేననుకుంటాను, కానీ గొడవపడదలచుకున్నవాళ్లకు కోర్టుకెక్కడానికి అంత మాత్రం చాలు. ఇది ఆడపిల్లలకే చెబుతున్న మాట కాదు. స్లీవ్ చేయించుకుని, అమెరికా ఉద్యోగం గురించి మాత్రమే చెప్పి పెళ్లిచూపులకు వచ్చే అబ్బాయికీ అంతే వర్తిస్తుంది. మగపిల్లాడి పొట్ట గురించి ఎవరూ అడగరు గనక అతను చెప్పడం ఇంకా తేలిక, కాబట్టి అతని మీద బాధ్యత ఇంకా ఎక్కువ.

బీమా ఫారం విషయంలో చర్చే లేదు. పాత ఆపరేషన్లు అడిగిన గడిలో రాయాలి. రాయకపోతే, అవసరమైన రోజున క్లెయిమ్ తిప్పికొట్టవచ్చు. ఆఫీసులో సెలవుకు "సర్జరీ" అన్న ఒక్క మాట చాలు.

మరోవైపు నుంచి వచ్చే అభ్యంతరం నాకు ఇంకా ఆసక్తిగా ఉంటుంది. అందరూ నోరు మూసుకుంటే ఈ చిన్నచూపు ఎలా పోతుంది, చెప్పుకోవడం వాళ్ల సామాజిక బాధ్యత కాదా అంటారు. 2020లో వివిధ దేశాల నిపుణులు కలిసి ఊబకాయం మీది చిన్నచూపును తుడిచేయాలని ఉమ్మడి ప్రకటన చేశారు. ఆపరేషన్ సోమరుల దారన్న అపోహను కూడా అందులో ఖండించారు. ఆ పని డాక్టర్లది, పత్రికలది, ప్రభుత్వాలది. గాయపడ్డవాళ్లనే ముందువరసలో నిలబెట్టడం నాకు సబబనిపించదు. కానీ ఒక్క సందర్భంలో మాత్రం ఈ వాదనకు నేను లొంగుతాను. లావుగా ఉన్న మరో మనిషి దగ్గరికొచ్చి "ఎలా తగ్గావక్కా, నాకూ చెప్పవా?" అని అడిగినప్పుడు, "పొద్దున్నే వాకింగ్, రాత్రి జొన్నరొట్టె" అని చెప్పకూడదు. ఆ మనిషి ఆర్నెల్లు నడుస్తుంది, రొట్టె తింటుంది, అయిదు కిలోలు తగ్గి ఏడు పెరుగుతుంది, లోపం తనదేనని తేల్చుకుంటుంది. షుగర్ రోగులైతే పోయేది ఆత్మగౌరవం ఒక్కటే కాదు. అమెరికాలో జరిగిన ఒక పరీక్షలో అయిదేళ్ల తర్వాత షుగర్ బాగా అదుపులోకి వచ్చినవాళ్లు మందులొక్కటే వాడినవాళ్లలో 5 శాతం, స్లీవ్‌తో 23, బైపాస్‌తో 29. కట్టుకథ ఆ మనిషికి ఈ దారే తెలియకుండా చేస్తుంది. చెప్పడం ఇష్టం లేకపోతే "డాక్టర్ సాయంతో తగ్గాను, నువ్వూ ఓసారి చూపించుకో" అంటే చాలు, తన గుట్టు తన దగ్గరే ఉంటుంది, ఎదుటివాళ్లు తప్పుదారి పట్టరు. ఇప్పుడు బరువు తగ్గించే సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు మన మందులషాపుల్లోకీ వచ్చాయి. అమెరికా టీవీ వ్యాఖ్యాత ఓప్రా విన్‌ఫ్రీ తాను బరువు తగ్గే మందు వాడుతున్నట్టు 2023 డిసెంబరులో చెప్పినప్పుడు అక్కడా ఇదే చర్చ రేగింది. సూదిమందుకు గాట్లు కూడా ఉండవు గనక దాచడం మరీ తేలిక, అల్లే కథలూ మరీ పెరుగుతాయి.

ఇంత బరువైన నిర్ణయాన్ని ఆపరేషన్ బల్ల ఎక్కబోయే మనిషి కంగారుకు వదిలేయడమే పెద్ద లోపం. ఆపరేషన్‌కు ముందు గుండె పరీక్ష ఉంటుంది, ఎండోస్కోపీ ఉంటుంది, మానసిక నిపుణుల సంప్రదింపూ ఉంటుంది. ఆ సంప్రదింపులోనే, రోగితో ఒంటరిగా, ఇంట్లో ఎవరికి తెలుసు, ఎవరికి చెప్పదలచుకోలేదు, అడిగితే ఏమంటారు అని కాగితం మీద రాయించాలి. రెండేళ్ల తర్వాత కొంత బరువు తిరిగి రావడం ఈ ఆపరేషన్లలో సహజం. స్వీడన్ లెక్కల్లో బైపాస్ అయినవాళ్లు మొదట 32 శాతం దాకా తగ్గి, పదేళ్లకు 25 దగ్గర నిలిచారు. వాకింగ్ కథ చెప్పినవాళ్లు అప్పుడు "వాకింగ్ మానేశావా?" అన్న ప్రశ్నకు భయపడి డాక్టర్ దగ్గరికి రావడం కూడా మానేస్తారు. కాబట్టి ఆ కాగితం ఫైల్లో ఉండాలి. మొదటి ఏడాది చెకప్‌కు వచ్చినప్పుడు డాక్టర్ దాన్ని మళ్లీ తీసి, ఇప్పుడు ఎవరెవరికి తెలుసని అడగాలి.